బీరువాలో ముదిరిన స్కాచ్

అమెరికా అల్లుడు డ్యూటీ ఫ్రీలో కొని తెచ్చిన 12 ఏళ్ల స్కాచ్‌ని మామగారు బీరువాలో పట్టుచీరల కింద దాచి పదేళ్లయింది. ఇప్పుడది 22 ఏళ్ల సరుకని వచ్చినవాళ్లందరికీ లెక్క చెబుతున్నారు. స్కాచ్‌కి వయసొచ్చేది ఓక్ పీపాలోనండీ. స్కాచ్ తయారీ చట్టం ప్రకారం కనీసం 3 ఏళ్లు అందులో ఉండాలి. సీసాలోకి దిగాక పెరిగేవి ధరా, మామగారి గొప్పలూ. పోనీ ఆ తేనె రంగు చూసి మురుద్దామా అంటే, కారమెల్ కలుపుకోవడానికీ అదే చట్టం ఒప్పుకుంటుంది!

మొన్న షష్టిపూర్తికి మూత తీశారు. ఎండిన కార్కు పొడై గ్లాసుల్లో తేలింది. టీ జల్లెడలో వడకట్టి, అంచుదాకా థమ్సప్ పోసి, వియ్యంకుడి చేతికిచ్చి అన్నారు: "22 ఏళ్ల స్మూత్‌నెస్ తెలుస్తోందా బావగారూ?"