నడిసెల్లేవోడికి లైసెన్సేటి?

తాగి బండి తోలితే సెక్షన్ 185. 100 మిల్లీలీటర్ల రక్తంలో మందు 30 మిల్లీగ్రాములు దాటిందా, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, కాదంటే జైలు. అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో మా బావమరిది కొడుకు పుట్టినరోజు విందులో ఈ సంగతి అందరికీ విప్పి చెప్పింది నేనే. చెప్పినట్టే స్కూటర్ వాళ్ల వాకిట్లో వదిలేసి, డైరీ ఫార్మ్‌లోని మా ఇంటికి నడక మొదలెట్టాను. "ఆటో పిలుస్తానుండు బావా" అన్నాడు బావమరిది. "నడిసెల్లేవోడికి లైసెన్సేటిరా?" అన్నాను. అందరూ నవ్వారు. శ్రీకాకుళం యాసలో పొగరు కూడా ముద్దుగానే వినిపిస్తుంది మరి.

అది 2022 డిసెంబరు. మా దీవుల్లో గడియారం దేశానిది, పొద్దు మాత్రం మాది. సాయంత్రం అయిదు కొట్టేసరికి కుంకేస్తుంది. ఆరున్నరకే చిమ్మచీకటి, రోడ్డు మీద చూస్తే ఇంకా ఇళ్లకు పోయే బళ్ల రద్దీ. పైగా వాన. నాకేమో నల్లచొక్కా, నల్లగొడుగు. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురొచ్చే బండి కనబడేలా కుడిపక్కన నడవాలని తెలిసీ, అలవాటుకొద్దీ ఎడమపక్కనే పోయాను, వెనక బళ్లకు వీపు అప్పగించి.

మందు కాళ్లకంటే ముందు అంచనాను దెబ్బకొడుతుంది. ఓ నీటిగుంట అడ్డొస్తే, ప్యాంటు ఎత్తిపట్టుకుని రోడ్డు మధ్యకు జరిగాను. వెనక నుంచి వెలుగు పడి నా నీడ తడితారు మీద బారుగా సాగింది. గొడుగుతో సహా భలే ఉందే అని నిలబడి చూశాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండికి సెకనంటే 14 మీటర్లు. నేను మురిసిపోయింది ఎన్ని సెకన్లో ఏమో!

బ్రేకు కీచుమంది. మోటారుసైకిలు నన్ను తప్పించబోయి, జారి, పక్కకు పడింది. హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు, మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతుంటే, లేచి ముందు నా దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు. "చోట్ తో నహీ లగీ, అంకుల్?"

నేనేం చేశానంటారా? బండి చూసుకుని నడపాలని క్లాసు పీకాను. సెక్షన్ నంబరు కూడా చెప్పినట్టు గుర్తు. వాడు చుక్క ముట్టనివాడని దగ్గరికొచ్చినప్పుడే తెలిసింది, నా వాసన వాడికి తెలిసినట్టే. అయినా "సారీ అంకుల్" అని, పగిలిన అద్దం ముక్కలు ఏరి రోడ్డు పక్కన వేసి వెళ్లిపోయాడు.

ఆ ఏడాది దేశం మొత్తం మీద రోడ్లపై 32,825 మంది పాదచారులు చనిపోయారని తర్వాత చదివాను. ఆ లెక్కకు ఒకటి కలవకపోవడం వాడి చలవే.

మర్నాడు స్కూటర్ కోసం వెళితే "బాగానే సేరినావా బావా?" అని అడిగాడు బావమరిది.

"నాకేటి, రాజాలాగ నడిసెల్లిపోనాను" అన్నాను.