ఇంకొంచెం తిప్పబ్బా

అలిపిరి రోడ్డులో ఇంటి త్రీడీ ఎలివేషన్లు చేసిచ్చే కొట్లో రెండు కుర్చీలుంటాయి. కంప్యూటర్ ముందుది కుర్రాడిది. దాని వెనకది తిప్పబ్బా గారిది. పేరు నేను పెట్టిందే. రిటైరైన డబ్బుతో ఇల్లు మొదలుపెట్టిన ప్రతి పెద్దమనిషీ ఆ కుర్చీలో కూర్చోగానే తిప్పబ్బా గారైపోతాడు. ప్లాను కాగితం మీద ఉన్నన్నాళ్లూ ఈశాన్యం చూసుకుని ఊరుకుంటాడు. ఇల్లు తెర మీద తిరుగుతుందని తెలిశాక ఆయన్ని పట్టలేం.

"ఇట్ల తిప్పు. ఇంకొంచెం తిప్పబ్బా. ఎక్కువైపోయె, ఎనక్కి రా."

కుర్రాడు వాడే స్కెచప్ సాఫ్ట్‌వేర్‌లో మౌసు నడిమి చక్రం నొక్కి లాగితే చూపు ఇంటి చుట్టూ తిరుగుతుంది. షిఫ్టు కూడా నొక్కితే పక్కకు జరుగుతుంది. కుర్రాడు పొద్దస్తమానం ఇంటికి దిష్టి తీస్తున్నట్టు తిప్పుతూనే ఉంటాడు. "దగ్గరికి పో" అంటే చక్రం దొర్లిస్తాడు. చూపు గోడలోంచి దూరి పడగ్గదిలో తేలుతుంది.

"తలుపు తియ్యకుండా యెట్ల వచ్చినామబ్బా? ఆడ ఇంకో గ్రిల్లు పెట్టు."

2000లో అమెరికాలోని బౌల్డర్‌లో ఈ సాఫ్ట్‌వేర్ తెచ్చినవాళ్లు త్రీడీ అందరి చేతికీ అందాలనుకున్నారు. మా దగ్గర నోటికి కూడా అందింది.

అసలు కష్టం మెట్ల దగ్గర. గ్రూపు చేయని వస్తువులు ఇందులో ఒకదాన్నొకటి తాకితే అతుక్కుపోతాయి. ఈశాన్యంలో ఉన్న మెట్లను నైరుతికి జరపమన్నాడాయన. కుర్రాడు పట్టి లాగాడు. మెట్లతోపాటు హాలు గోడ కూడా సాగుతూ వచ్చింది. వాడు కంగారుగా కంట్రోల్ జెడ్ నొక్కబోతే ఈయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండుండు. హాలు ఇప్పుడు బాగుండాది. అట్లే వదిలెయ్."

"సార్, అది పక్కింటోళ్ల సైటు."

ఇక బాల్కనీలోంచి కొండ కనపడాలన్నాడు. న్యాయమే, అలిపిరిలో ఇల్లు కట్టి కొండ చూడకపోతే ఎట్లా? శేషాచలాన్ని మోడల్ చేసే ఓపికెవరికి? కుర్రాడు గాలి గోపురం కనిపించే ఫోటో ఒకటి తెచ్చి ఇంటి వెనక నిలబెట్టాడు. పెద్దాయన చెంపలేసుకున్నాడు. ఆ వెంటనే, "ఇంకొంచెం తిప్పబ్బా" అన్నాడు. పక్కనుంచి చూస్తే ఫోటోకి మందమేముంది, కొండ సన్నగీతై మాయమైంది.

"ఏడుకొండలూ యాడికి పోయినాయిరా!"

నీడల పట్టీ చూపించడం మాత్రం కుర్రాడి స్వయంకృతం. తేదీ, వేళ పెడితే ఎండ ఎటు పడుతుందో తెర మీద తెలుస్తుంది. సంక్రాంతి సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఎట్లుంటుందో చూడాలన్నాడాయన. జనవరి 14, నాలుగు గంటలు పెట్టారు. పడమటి అరుగు, ఎండ నిండా పడింది.

"ఆ ఎండను కొంచెం పక్కకి జరుపబ్బా."

చివరికి కుర్రాడు దండం పెట్టి, ముందువైపు బొమ్మను ఏ3 కాగితం మీద రంగుల్లో ప్రింటు తీసి చేతికిచ్చాడు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు, తృప్తిగా తలూపాడు. ఆ తర్వాత కాగితాన్ని వెనక్కి తిప్పి చూసి, "ఈపక్క ఏమీ లేదేందబ్బా?" అన్నాడు.