కలానికి సిరా మైల

బంగారు పొడితో బొమ్మలు తీర్చిన జపాన్ మాకియె పెన్నుల భక్తమండలిలో చేరాలంటే డబ్బొక్కటే చాలదు, ఒక దీక్ష కూడా పట్టాలి: కొన్న పెన్నులో జన్మలో సిరా పోయరాదు. పోస్తే పెన్ను మైలపడుతుంది. "ఇంతవరకూ సిరా ఎరగదండీ" అనడం వీళ్లలో పరువుకు గుర్తు. రేపు అమ్మకానికి పెడితే ధర పెంచేదీ ఆ ఒక్క ముక్కే.

దర్శనానికో పద్ధతుంది. ముందు తెల్ల గ్లవ్సు తొడగాలి. చెక్కపెట్టె తెరిచి, మెత్తటి గుడ్డ విప్పి, నల్లటి మెరుపు మీద చుట్టుకున్న బంగారు డ్రాగన్‌ను భూతద్దంలో చూసి దీర్ఘంగా నిట్టూర్చాలి. ఆ తర్వాత ప్రవచనం: ఇది పెన్ను కాదు, జపాన్ ఆత్మ. ధర లక్షలు దాటిన ప్రతి వస్తువుకూ ఏదో ఒక దేశపు ఆత్మ ఉండనే ఉంటుంది. వంద రూపాయల వస్తువులో మాత్రం దాన్ని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఇంతకీ ఆ ఆత్మ పెన్నులోకి ఎలా దూరింది? 1918లో రియోసుకే నమికి, మసావో వాదా కలిసి ఒక కంపెనీ పెట్టారు. తర్వాత అదే పైలట్ అయింది. ఆ రోజుల్లో పెన్నులు ఎబొనైట్‌తో, అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరుతో చేసేవారు. ఎబొనైట్‌కు ఒక జబ్బుంది. వెలుతురుకీ చేతి చెమటకీ దాని నలుపు వెలిసి, మాసిన గోధుమరంగుకు తిరుగుతుంది. కొన్నవాడు రోజూ రాసుకుంటాడు, పెన్నేమో వెలిసిపోతుంది. ఆ బాధ తప్పించడానికే 1920ల నడుమ ఉరుషి అనే చెట్టుజిగురుతో పూత పూశారు. అంటే రోజూ చేతిలో నలిగే పెన్ను బతకాలనే ఆ పూత పుట్టింది. పూత నిలిచాక దాని మీద బంగారు పొడితో బొమ్మలు వేస్తే సీమలో అమ్ముడుపోతుందని తోచింది. 1930లో లండన్ డన్‌హిల్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. నమికి కంపెనీకి పనిచేసిన గొన్రోకు మత్సుదా మహా కళాకారుడు, 1955లో జపాన్ ఆయన్ను సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. ఆత్మ ఉన్నమాట నిజమే కావచ్చు, దాని పక్కనే బేరం తెలిసిన వ్యాపారి కూడా ఉన్నాడని భక్తులు చెప్పరు.

పనితనాన్ని వెక్కిరించే సాహసం నేను చేయను. ఉరుషి చెట్టు పది పదిహేనేళ్లు పెరిగి, ఒకే ఒక్క ఏడాది గాట్లు పడి, మహా అయితే 200 గ్రాముల జిగురు ఇస్తుంది. ఆ ఏడాదే దాన్ని నరికేస్తారు. పచ్చి జిగురు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు. పైగా అది ఎండలో ఆరే రకం కాదు, తేమ నింపిన అలమారలో పెడితేనే గట్టిపడుతుంది. పూయాలి, గట్టిపడనివ్వాలి, బొగ్గుతో అరగదీయాలి, మళ్లీ పూయాలి. సన్నటి కుంచెతో ఉరుషి గీత గీసి, అది తడిగా ఉండగానే వెదురుగొట్టంలోంచి బంగారు పొడి రాల్చాలి. దాని మీద ఇంకో పూత, ఇంకో అరగదీత. ఇలా నెలలు గడిచాక చివర్లో కళాకారుడు చిన్నగా సంతకం పెడతాడు. ఇంత చాకిరీకి లక్షలు అడిగితే తప్పు పట్టడానికి నోరు రాదు. కొన్నవాడి నోరే సమస్య.

ఎందుకంటే మాకియె పేరుతోనే స్క్రీన్ ప్రింటింగ్ బొమ్మల పెన్నులు కొన్ని వేలకే దొరుకుతాయి. వాటి ముందూ అదే నిట్టూర్పు, అంతే పొడుగు. పాళీ దగ్గరికొస్తే మరీ తమాషా. పేరు మోసిన నకాయా పెన్నులకు ఉండేది ప్లాటినం కంపెనీ 3776 పాళీ. ఫుజి పర్వతం ఎత్తు 3776 మీటర్లు, ఆ పేరు అందుకే. బొమ్మల్లేని మామూలు ప్లాటినం పెన్నుకూ ఆ పాళీయే. బంగారు డ్రాగన్ కడుపులో ఉండేది ప్లాస్టిక్ సిరాగొట్టం. ఈ రెండు సంగతులూ ప్రవచనంలో రావు.

సిరా తగిలితే ఉరుషికి ఏమవుతుందో అని కంగారుపడేవాళ్లు ఒకసారి జపాన్ వంటింట్లోకి తొంగిచూడాలి. పొగలు కక్కే మిసో సూపును వాళ్లు తాగేది ఉరుషి గిన్నెల్లోనే. కళాఖండాల మాటకొస్తే, ఓగాతా కోరిన్ చేసిన యాత్సుహాషి పెట్టె జపాన్ జాతీయ నిధి, టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది. బంగారం, ముత్యపుచిప్ప, సీసంతో నీటిపూలూ చెక్కవంతెనలూ తీర్చిన పెట్టె. లోపల ఉండేవి సిరా నూరుకునే రాయి, నీళ్ల పాత్ర, కాగితాలు. మాకియె వందల ఏళ్లుగా సిరాతో ఒకే గూట్లో కాపురం చేసింది, మైల పట్టింపు మాత్రం కొత్తగా కొన్నవాళ్లది. ఉరుషికి నిజంగా గిట్టనిది ఎండ, అందులోని అతినీలలోహిత కిరణాలు. భక్తుడు పెన్నును సిరా నుంచి కాపాడి, హాల్లో కిటికీకి ఎదురుగా అద్దాల బీరువాలో నిలబెడతాడు. ఉత్సవ విగ్రహానికైనా ఏడాదికోసారి ఊరేగింపు ఉంటుంది, దీనికి అదీ లేదు.

రాజమండ్రిలో రత్నం పెన్నులవారు కూడా ఎబొనైట్‌నే చేత్తో తీర్చి పెన్నులు చేశారు. వాళ్ల పెన్ను అందుకున్న గాంధీ 1935లో వార్ధా నుంచి ధన్యవాదాల ఉత్తరం రాశారు. ఆయన దాన్ని వాడి చూశారు, భూతద్దం పెట్టి చూశారని ఎక్కడా లేదు. మన తెలుగు భక్తుడి చేతిలో రాజమండ్రి పెన్ను పెట్టండి, మొట్టమొదట "సరిగ్గా రాస్తుందా?" అంటాడు. డ్రాగన్ పెన్ను గురించి ఆయన్నే ఆ ప్రశ్న అడిగి చూడండి, మళ్లీ కాఫీకి పిలవడు.

సిరా పోయనే పోయమంటే పాళీ ఎందుకు? అది లేకుండా చేయించుకుంటే ఆ కాస్త బంగారమూ మిగులుతుంది. లేదా మాకియె పనివాళ్లు పెట్టెలు చేశారు, దువ్వెనలు చేశారు, వాటిలో ఏదో ఒకటి కొనుక్కోవచ్చు. దువ్వెనైతే మాత్రం జాగ్రత్త, తలకు పెట్టుకుంటే నూనె అంటుతుంది.