మూడు విజిళ్ల ప్రార్థన

మా ఇంట్లో కుటుంబ ప్రార్థనను నిమిషాల్లో కాదు, కుక్కర్ విజిళ్లలో కొలుస్తారు. "మీ మామయ్యగారు కళ్లు మూసుకునేలోపే పప్పు దించేయమ్మా" అని మా ఆవిడ కోడలికి కాపురానికొచ్చిన కొత్తల్లోనే చెప్పిపెట్టింది. నేను ఆదాముతో మొదలెడితే పాపం మనవడు నోవహు దగ్గరొకసారి, మోషే దగ్గరొకసారి ఆశగా "ఆమేన్" అనేస్తాడు.

పొడుగు ఒక్కటే అయితే ప్రభువు సర్దుకునేవాడేమో. చేతులు జోడించి "పరలోకమందున్న తండ్రీ" అన్నాక ఎవరూ అడ్డు రారు కదా, మామూలుగా అంటే పోట్లాటయ్యే సంగతులన్నీ అక్కడ చెప్పుకుంటాను. "అర్ధరాత్రి దాకా ఫోను చూచు యౌవనస్థులను జ్ఞాపకము చేసికొనుము. క్రిస్మస్‌కు రెండేసి చీరలు కొన్నవారికి తృప్తి దయచేయుము." ఒకరోజు మావాడు ఆమేన్ అనకుండా, "నాన్నా, ఇప్పటిదాకా మాట్లాడింది దేవుడితోనా, నాతోనా?" అనడిగాడు.

ఆదరణ కూడికల్లో నా ధాటే వేరు. మా వీధిలో ఒకాయనకు భార్య పోతే వెళ్లి యోబు గ్రంథం ఎత్తుకున్నాను. స్నేహితులు ముగ్గురూ వారం రోజులు అతని పక్కన నేలమీద కూర్చుని నోరు మెదపలేదే, ఆదరణంటే అదీ అని చెప్పడానికి నాకు ముప్పావుగంట పట్టింది. వాళ్లు నోరు తెరిచాకే కథ చెడింది. 42వ అధ్యాయానికొచ్చేసరికి దేవుడికే వాళ్ల మీద కోపం వచ్చింది. అదీ చెప్పాను, వివరంగా. అంతసేపూ నోరు మెదపనిది ఆ భార్య పోయినాయన ఒక్కడే.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఏమీ అనలేదు. తెల్లారేసరికి ఫ్రిజ్ మీద ఓ చీటీ ఉంది: యాకోబు 1:19. చెవికి తొందర, నోటికి నిదానం నేర్పే వచనం. నాకు తెలియకేం, ఉపవాస కూడికలో దాన్ని మూడు భాగాలు చేసి ప్రసంగించినవాణ్ణి!

బైబిల్లో నన్ను భయపెట్టే మనిషి జెకర్యా. దేవాలయంలో దూతను ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగినందుకు, కొడుకు యోహాను పుట్టి పేరు పెట్టేదాకా ఆయన నోరు మూతపడింది. మాటలేని భర్తతో ఆ నెలలన్నీ ఎలీసబెతుకు ఎలా అనిపించిందో లూకా రాయలేదు గానీ, ఆ అధ్యాయం వచ్చినప్పుడల్లా మా ఆవిడ ఓ నిట్టూర్పు విడుస్తుంది.

సరే, మౌనం పట్టాను. మధ్యాహ్నానికల్లా షుగర్ పడిపోయిందేమోనని కోడలు గ్లూకోజు కలిపి తెచ్చింది. ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి, "ప్రభువు నాకు తక్కువ మాట్లాడే కృపనిచ్చాడు" అని మొదలెట్టాను. అయ్యగారు మైకు కట్టేయించాకగానీ కూర్చోలేదు.

మొన్న మా ఆవిడ "ఈ మోకాలు..." అనగానే అలవాటుకొద్దీ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన అందుకున్నాను. ఎడమకాలని ప్రభువుకు స్పష్టంగా విన్నవించాను.

ఆమేన్ అయ్యాక, "కుడిదండీ" అంది.

ఇక మాట్లాడే మొహం లేక ఊరుకున్నాను. అప్పుడు చెప్పింది. మెట్లు దిగేటప్పుడు పట్టేస్తోందట, క్రిస్మస్ నుంచీ. గుడిలో మోకరించి లేవడానికి ఆసరా ఉంటుందనే స్త్రీల వైపు ముందు వరుస వదిలేసి గోడవారకు మారిందట. మారడం నేనూ చూశాను. ఫ్యాను కిందికి చేరిందనుకుని, సుఖాలు మరిగిన విశ్వాసుల గురించి ఆ రాత్రే ప్రార్థన కూడా చేశాను.

మర్నాడే గుంటూరు కొత్తపేటలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

"చెప్పండమ్మా, ఎక్కడ నొప్పి?" అన్నాడాయన.

"కుడి మోకాలండీ. మెట్లు దిగేటప్పుడు పట్టేస్తోంది, క్రిస్మస్ నుంచీ" అన్నాను.

డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, "అయితే మీరే బల్లెక్కి పడుకోండి సార్" అన్నాడు.