మెట్టు దిగం, మోసుకెళ్తాం

మన జాతి దయాగుణాన్ని శంకించేవాళ్లు డిసెంబరు 3న ఏదైనా జిల్లా కేంద్రానికి వెళ్లి రావాలి. అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవ సభ. వేదిక నాలుగడుగుల ఎత్తు, ఎక్కడానికి ఇనప మెట్లు. సన్మానం అందుకోవాల్సిన పెద్దమనిషి వీల్‌చెయిర్‌లో కింద ఉంటాడు. అయినా ఫర్వాలేదు. నలుగురు కార్యకర్తలు పరుగున వచ్చి కుర్చీతో సహా ఆయన్ని లేపుతారు. ‘‘సార్, ఇంకొక్కసారి లేపండి, ఫ్రేములో బ్యానర్ రాలేదు’’ అంటాడు ఫొటోగ్రాఫరు. ఆయన గాల్లో ఉండగానే శాలువా పడుతుంది. ‘‘మీకు మేమున్నాం’’ అని మైకు మోగుతుంది. ఉన్నారు, కాదనలేం. కాకపోతే భోజనాల వేళకి దించేవాళ్లే కనిపించరు.

వేదికకి ర్యాంపు పెట్టొచ్చుగా అని కొందరు అమాయకులు అడుగుతుంటారు. ర్యాంపు పెడితే ఆయన తనంతట తానే ఎక్కేస్తాడు. అప్పుడు పుణ్యం ఎవరి ఖాతాలో పడాలి, సిమెంటు ఖాతాలోనా?

అసలు ర్యాంపులే కట్టలేదనడం కూడా అన్యాయం. కట్టాం. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలన్నది లెక్క. ఆఫీసు ముందు అడుగున్నర ఎత్తున మెట్లుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. మెట్లకీ గేటుకీ మధ్య అంత జాగా ఎక్కడిది? అందుకని ఐదడుగుల్లో ముగించేస్తాం. కింది నుంచి వీల్‌చెయిర్ దాని మీదికి ఎక్కదుగానీ, పైనుంచి వదిలితే రోడ్డు దాకా ఎక్కడా ఆగదు. పైన గ్రిల్లు, గ్రిల్లుకి తాళం, తాళంచెవి సెలవులో ఉన్న అటెండరు దగ్గర. మిగిలిన జాగా వృథా పోకుండా రెండు బైకులు. ఇంత పకడ్బందీగా కట్టి, బిల్లు పెట్టి, పాస్ చేయించుకున్న నిర్మాణాన్ని పట్టుకుని ‘వాడకానికి పనికిరాదు’ అంటారా? వాడమని ఎవరన్నారు?

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ నిబంధనలు వచ్చిన ఐదేళ్లలోగా అందరూ వెళ్లగలిగేలా మారాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022లో వచ్చింది, మెట్ల దగ్గర కాసేపు నిలబడి, వెళ్లిపోయింది. చూపులేని రాజీవ్ రతూరి ఇదే విషయం మీద 2005లో సుప్రీంకోర్టుకెక్కారు. దేశంలో పరిస్థితి ఎలా ఉందో చూసి చెప్పమని కోర్టు మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రానికి అప్పగించింది. 2024 నవంబరులో తీర్పొచ్చింది. మీ నిబంధన ‘చేస్తే బాగుంటుంది’ అన్న ధోరణిలో ఉంది, ‘చేసి తీరాలి’ అన్నట్టు మూడు నెలల్లో రాయండి అని దాని సారాంశం. పంతొమ్మిదేళ్ల వ్యాజ్యం తర్వాత తేలిందేమిటంటే, మన ప్రభుత్వానికి మర్యాద కాస్త ఎక్కువ.

మర్యాదలో జనమూ తక్కువేం కాదు. కళ్లు కనిపించని లెక్చరర్ని ఇంటికి పిలిస్తే, పక్కనున్న ఆయన భార్యని అడుగుతాం, ‘‘సారు కాఫీ తాగుతారామ్మా?’’ అని. ఆయన నోటికి ఏ లోపమూ లేదు. అయినా మనకెందుకో ఆ నోటి మీద నమ్మకం కుదరదు.

నమ్మకమంటే గుర్తొచ్చింది, వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్. నలభై శాతం ఉంటేనే పింఛను. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016లో ఇరవై ఒకటయ్యాయి. తలసీమియా, హీమోఫిలియా కూడా చేరాయి. చట్టం ఎంత పెరిగినా వీధి అరుగు మీది మెడికల్ బోర్డు మాత్రం పాత పద్ధతిలోనే ఉంది. మనిషి కుంటుతూ రావాలి, లేదా తడుముకుంటూ రావాలి. మామూలుగా నడిచొస్తే ‘‘వీడికేం రోగం, దుక్కలా ఉన్నాడు’’ అని అక్కడే సున్నా శాతం రాసేస్తుంది. 2025లో ఆంధ్రలో పింఛన్ల పునఃపరిశీలన అని మళ్లీ క్యాంపులకి పిలిచారు. పోయిన కాలు ఈలోగా మొలిచిందేమో చూసుకోవాలి కదా. దొంగ సర్టిఫికెట్లు లేవా అంటే, ఉన్నాయి. వాటిమీద సంతకాలు పెట్టిన చేతులు మాత్రం పూర్తి ఆరోగ్యంతో ఉన్నాయి.

ఇక స్ఫూర్తి. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపులేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లాకి పదో తరగతి తర్వాత సైన్సు ఇవ్వం పొమ్మన్నారు. కోర్టుకెళ్లి సాధించుకున్నాడు. ఐఐటీ కోచింగ్ వాళ్లు చేర్చుకోలేదు. అమెరికా ఎంఐటీ చేర్చుకుంది. తిరిగొచ్చి కంపెనీ పెట్టి, తనలాంటివాళ్లకే ఉద్యోగాలిచ్చాడు. 2024లో అతని మీద హిందీలో సినిమా కూడా వచ్చింది. జనం కళ్లొత్తుకున్నారు. ఆ కళ్లనీళ్లలో మన విద్యావ్యవస్థకి దక్కాల్సిన వాటా ఎవరూ ఇవ్వలేదని నా బాధ. అడగ్గానే సీటిచ్చేసి ఉంటే ఆ కథలో పోరాటమేది?

కాబట్టి కాలేజీ యాజమాన్యాలకి మనవి. రేపు చూపులేని ఏ పిల్లో వచ్చి ఎంపీసీ కావాలంటే తొందరపడి ఇచ్చేయకండి. ఆ అమ్మాయి సినిమాకి కూడా ఫస్టాఫ్ కావాలిగా.