మావయ్యా, శాంక్షన్ లేని ‘అప్’లూ

మా మేనమామ సబ్‌ట్రెజరీలో అకౌంటెంటుగా చేసి రిటైరయ్యాడు. బిల్లులో పైసా తేడా వస్తే ఎలా పట్టుకునేవాడో, ఎదుటివాడి ఇంగ్లీషులో ఒక ‘అప్’ ఎక్కువైనా, ‘ఆఫ్’ తక్కువైనా అలాగే పట్టుకుంటాడు. రిటైరయ్యాక బిల్లులు రావడం ఆగిపోయింది గానీ చుట్టాలు ఇంగ్లీషు మాట్లాడ్డం ఆగలేదు.

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పిన్ని, అంటే ఆయనకి స్వయానా చెల్లెలు, ‘మావాడు బీటెక్ పాసవుటయ్యాడు’ అని పెట్టింది. అందరూ పూలగుత్తులు పంపారు. మావయ్య ఒక్కడే, ‘మొహాన నీళ్లు చల్లారా? ఇప్పుడెలా ఉంది?’ అని అడిగాడు. పాసవుటంటే స్పృహ తప్పి పడిపోవడమట, లేదా మిలిటరీ అకాడమీలో శిక్షణ ముగించుకుని బయటికి రావడమట. పిన్ని కొడుకు ఆ రెండూ చెయ్యలేదట. పిన్ని మాట్లాడ్డం మానేసింది. తర్వాత మా చినతాతయ్య పోయిన రోజున ఆవిడే ఏడుస్తూ ‘బాబాయి పాస్డ్ ఆఫ్’ అని రాసింది. నిమిషంలో మావయ్య జవాబు: ‘ఆఫ్ కాదు, అవే. ఓం శాంతి.’

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఓసారి ‘పని ఒత్తిడితో కోపప్ కాలేకపోతున్నా మావయ్యా’ అన్నాడు. పాపం, ఓదారుస్తాడనుకున్నాడు. ‘కోప్‌కి అప్ ఎవడిచ్చాడ్రా? శాంక్షన్ లేని పోస్టు అది. జీతం ఎవరిస్తారు?’ అని మావయ్య గొణిగాడు.

మా చెల్లి పెళ్లిచూపుల్లో అబ్బాయి ‘ఐ వాజ్ గ్రోన్ అప్ ఇన్ హైదరాబాద్’ అన్నాడు. మావయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. ‘గ్రూ అప్ అనాలి నాయనా. లేదంటే వాజ్ బ్రాటప్. పెరిగింది నువ్వని చెప్పాలంటే మొదటిది, పెంచింది మీ నాన్నగారని చెప్పాలంటే రెండోది’ అన్నాడు. వాళ్ల నాన్నగారి మొహం చూసి మా నాన్న జీడిపప్పు ప్లేటు అటు జరిపాడు. సంబంధం కుదిరింది. మా బావ మాత్రం మావయ్య ఉన్న గదిలో ఇప్పటికీ అచ్చ తెలుగే మాట్లాడతాడు.

నాకూ ఆయనతో ఓ పాత బాకీ ఉంది. నా పెళ్లి కార్డుల్లో ప్రెస్సువాడు ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సీ యూ’ అని అచ్చేశాడు. ‘టు’ తర్వాత ‘సీయింగ్’ రావాలని మావయ్య పట్టాడు. మళ్లీ అచ్చుకి వ్యవధి లేదు. రాత్రంతా కూర్చుని, కట్టలు కట్టలు విప్పి, కార్డు కార్డుకీ నీలం పెన్నుతో ‘ఇంగ్’ చేర్చాడు. ఎర్ర కార్డు, బంగారు అక్షరాలు, మధ్యలో నీలం ‘ఇంగ్’. మా అత్తవారు ఆ మాట ఇప్పటికీ ఎత్తుతారు. అంత ఓపికగా నా పెళ్లికి ఇంకెవరూ పని చెయ్యలేదన్నది కూడా నిజమే.

పెళ్లి భోజనాల్లో ఆయన పక్కన కూర్చుంటే గుత్తొంకాయ వడ్డించేలోపు చరిత్ర వడ్డించేస్తాడు. శామ్యూల్ జాన్సన్ 1755లో వేసిన డిక్షనరీ ముందుమాటలో, ఈ జంట క్రియలు పరాయి దేశస్థులకి మహా కష్టమనీ, అందుకే శ్రద్ధగా పోగేశాననీ చెప్పాడు. ఆ పరాయి దేశస్థుడు తనేనని మావయ్య గట్టి నమ్మకం. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పేరు తనకి సూచించింది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని స్మితే చెప్పుకున్నాడు. ‘చూశావా, పక్కవాడి కష్టం తన ఖాతాలో రాసుకోలేదు!’ అంటూ మావయ్య పెరుగు కలుపుకుంటాడు.

గ్రూప్స్‌కి చదివే పిల్లలు సాయంత్రాలు ఆయన అరుగు మీద చేరతారు. పైసా పుచ్చుకోడు. ‘టర్న్ ఆఫ్ ద లైట్ అన్నా, టర్న్ ద లైట్ ఆఫ్ అన్నా ఒకటే. కానీ ‘ఇట్’ వచ్చిందా, దాన్ని నడుమనే కూర్చోబెట్టాలి, టర్న్ ఇట్ ఆఫ్. లుక్ ఆఫ్టర్ మాత్రం విడిపోదు, దాన్నలా వదిలెయ్యండి’ అని చెబుతుంటే లోపల్నుంచి అత్తయ్య, ‘ముందు ఆ ఫ్యాన్ ఆఫ్ చెయ్యండి, పొయ్యి ఆరిపోతోంది’ అంటుంది.

‘ఉత్త ఆఫేమిటే? క్రియ ఏదీ?’

‘చెయ్యండి ఉందిగా!’

అత్తయ్య పదో తరగతి దాటలేదు. కానీ బిల్డప్, గెటప్, చెకప్, స్విచాఫ్, సెండాఫ్ ఆవిడ నోట ఒక్కటీ తప్పుపోదు. మావయ్య గురించి మాట్లాడేటప్పుడు మొదటిది ఎక్కువగా వాడుతుంది.

మొన్న వేసవిలో డాలస్ నుంచి మనవడు వచ్చాడు. వచ్చీరాని తెలుగులో, ‘తాతా, చీటీలాయన నీకు టోపీ పెట్టాడని అమ్మమ్మ చెప్పింది. ఏదీ టోపీ?’ అని అడిగాడు. మావయ్య నవ్వబోయి ఆగిపోయాడు. బొట్టు పెట్టడం, అన్నం పెట్టడం, వంకలు పెట్టడం, టోపీ పెట్టడం అన్నిట్లోనూ ఒకే ‘పెట్టు’ ఎలా కాపురం చేస్తోందో ఆ పిల్లాడికి చెప్పలేక, మర్నాడే కొత్త నోటుబుక్కు కొన్నాడు.

ఇప్పుడు రాత్రిపూట నాకు ఫోన్లు. ‘ఒరేయ్, కనిపెట్టడమంటే కొత్తది కనుక్కోవడం. కనిపెట్టుకుని ఉండడమంటే కాచుకుని ఉండడం. ఓ ‘కుని’ చేరేసరికి అర్థం ఎక్కడికి పోయిందో చూశావా? వీటికి రెన్ అండ్ మార్టిన్ ఎవడ్రా?’

‘బ్రౌన్ నిఘంటువు ఉందిగా మావయ్యా, 1852లోనే వేశాడు.’

‘మళ్లీ దొరేనా!’

వెనకనుంచి అత్తయ్య గొంతు: ‘ఇక ఆ ఫోన్ పెట్టేసి కంచం పెట్టుకోండి, పదవుతోంది.’

‘ఉండు, ఉండు, రెండొచ్చాయి, రాసుకోనీ’ అంటున్నాడు మావయ్య.