తలకిందులుగా తపస్సు

"ఎల్4, ఎల్5 మధ్య కొంచెం సమస్య ఉంది," అన్నాడు డాక్టరు, ఎమ్మారై ఫిల్మును వెలుతురుకు పట్టి చూస్తూ. నా ప్రమోషన్ సంగతి ఈయనదాకా ఎలా పాకిందా అని బిత్తరపోయాను. ఆఫీసులో నాలుగో లెవెల్ నుంచి ఐదో లెవెల్‌కు ఎక్కడానికి మూడేళ్లుగా నానా తంటాలు పడుతున్నాను మరి. ఆయన చెప్పింది నడుములోని నాలుగో, ఐదో పూసల గురించని తరవాత తెలిసింది. రెండింటికీ కారణం ఒకటే అనుకోండి: ఒకే కుర్చీలో కూర్చుండిపోవడం.

1998లో సైబర్ టవర్స్ తెరిచింది మొదలు హైటెక్ సిటీలో ఎన్ని అద్దాల మేడలు లేచాయో, అంతకు పదింతల వీపులు వంగాయి. ఇక్కడ నడుంనొప్పి లేనివాణ్ణి నిన్నగాక మొన్న చేరినవాడి కింద జమకడతారు. దుర్గం చెరువు గట్టున చూడండి, 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుండ్లు ఒకదాని మీద ఒకటి నిశ్చింతగా నిలబడి ఉంటాయి. మధ్యలో డిస్కంటూ లేదు కనక జారుతుందన్న దిగుల్లేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి ఇంకో ముక్క చెప్పింది. పూసల మధ్య డిస్కుల్లో నీరుంటుందట. పగలంతా బరువు మోసి అవి అణుగుతాయట. అందుకని సాయంత్రానికి మనిషి పొద్దుటికంటే ఓ సెంటీమీటరు దాకా పొట్టి అవుతాడు, రాత్రి పడుకుంటే మళ్లీ సాగుతాడు. మైండ్‌స్పేస్ జంక్షన్ దాటి ఇల్లు చేరేసరికి కుంచించుకుపోయినట్టు అనిపించేది నా భ్రమ కాదన్నమాట! రోజూ ఇరవై నిమిషాలు ఎక్సర్‌సైజు చెయ్యమంది. చేసేవాణ్ణయితే ఆమె దాకా ఎందుకు వెళ్తాను?

సరిగ్గా అప్పుడే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అమ్మకానికొచ్చింది ఇన్వర్షన్ టేబుల్. రెండుసార్లే వాడారట, సగం ధరట. రెండుసార్లతో ఎందుకు ఆపేశారని అడగాలి కదా! తట్టలేదు. ఇరుసు మీద ఊగే బల్ల అది. చీలమండలు బిగించుకుని వెల్లకిలా వాలాలి. చేతులు గుండెల మీద ఉంటే నిటారుగా నిలుస్తుంది, తల మీదుగా చాపితే తల కిందికి, కాళ్లు పైకి పోతాయి. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. "కంట్రోల్ మీ చేతుల్లోనే" అని దాని మీద అంటించి ఉంది. ఇరవయ్యేళ్ల సర్వీసులో నాతో ఆ మాటన్నవాళ్లు లేరు. కరిగిపోయాను.

ఇదేం కొత్త వైద్యమూ కాదు. దాదాపు 2,400 ఏళ్ల కిందటే గ్రీకు దేశంలో గూని సరిచేస్తామని మనుషుల్ని నిచ్చెనకు కట్టి, కొందరిని తలకిందులుగా కట్టి, ఎత్తు నుంచి వదిలి కుదిపేవాళ్లు. ఇదంతా జనాన్ని నోరెళ్లబెట్టించాలని చూసే వైద్యుల పని అని హిప్పోక్రటీస్ గ్రంథాల్లో విసుగు కనిపిస్తుంది.

జనగామ దగ్గర మా ఊళ్లో నిచ్చెన కూడా అక్కర్లేదు. నేనుండేవాణ్ణి. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాడు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. పొద్దున్నే అరుగు మీద బోర్లా పడుకుని తాత ఆర్డర్లు వేసేవాడు: "జర పైకి... గాడనే... గాడనే ఆగు." చారాణ ఇచ్చేవాడు. ఊరివాళ్లు బెల్లం ముక్క పెట్టేవాళ్లు. ఏడేళ్లకే నాకంత ప్రాక్టీసు. ఇప్పుడు నా నడుముకు నా కాలు అందదు.

ఇక ప్రారంభోత్సవం. బల్ల కింద అంకెలున్న కడ్డీ ఒకటుంది. ఎవరి ఎత్తుకు వాళ్లు దాన్ని జరుపుకోవాలి. అమ్మినావిడ ఐదడుగుల రెండంగుళాలు, నేను ఐదూ తొమ్మిది. కడ్డీ ఆవిడ అంకె దగ్గరే ఉంది. చేతులు ఇలా ఎత్తానో లేదో, సీలింగ్ ఫ్యాను నేలకు దిగింది. కంగారుగా చేతులు గుండెల మీదికి తెచ్చాను. ఊహూఁ. కంట్రోల్ చేతుల్లోనే ఉంది గానీ బరువంతా తలలో ఉంది. నా తలకు అంత బరువుందని మా మేనేజర్‌కు ఏనాడూ అనిపించలేదు.

జేబులోంచి జారిన ఫోను నేల మీద మోగింది. పావు తక్కువ పదికి స్టాండప్ మీటింగు. పేరుకు స్టాండప్పే గానీ అందులో నిలబడ్డవాణ్ణి ఇంతవరకు చూళ్లేదు. ఆ రోజు నేనొక్కణ్ణే నిలబడ్డాను, తలకిందులుగా. వేలికొసలతో ఫోను అందుకునేసరికి కెమెరా దానంతటదే ఆనైంది. చందమామలో వేలాడే బేతాళుడు ప్రశ్నలేస్తే నేల మీద నడిచే రాజు జవాబు చెప్పేవాడు. ఇక్కడ అదీ తిరగబడింది.

"రిలీజ్ శుక్రవారానికి అవుతుందా?" అన్నాడు మేనేజర్.

నేను మాట్లాడలేదు. తెరమీద నా జుట్టు నిక్కబొడుచుకుంది, కళ్లు ఎర్రబడ్డాయి, నుదుటి నరాలు ఉబ్బాయి. అవతల కాసేపు నిశ్శబ్దం.

"సరే సరే, సోమవారానికి పెట్టుకుందాం. కోపం వద్దు."

అంతలో వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "అయ్యో కొడుకా, గబ్బిలం లెక్క ఏలాడుతున్నవేందిరా!" అంటూ తల కింద చెయ్యేసి ఒక్క తోపు తోసింది. యంత్రం బుద్ధిగా లేచి నిలబడింది. "ఊరోళ్ల నడుములన్నీ తొక్కినవ్, నీది తొక్కుకోరాకపాయె," అని మజ్జిగ తేవడానికి వెళ్లింది.

బల్లతో వచ్చిన కాగితం మజ్జిగ తాగుతూ చదివాను. బీపీ, గ్లకోమా ఉన్నవాళ్లు వేలాడరాదట. కడ్డీ ముందు సరిచూసుకోవాలట.

ఆదివారం అదే గ్రూపులో అమ్మకానికి పెట్టాను. "ఒక్కసారే వాడినది" అని నిజమే రాశాను. ఐదు నిమిషాల్లో పై అంతస్తు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పాపం ఎందుకని, బేరానికి ముందే "మీ ఎత్తెంతండీ?" అని అడిగాను.

"పొద్దుటిదా, సాయంత్రానిదా?" అన్నాడాయన.